పేజీ ఎక్కడ తిరుగుతది అక్కా

మా తమ్ముడు పోయిన శుక్రవారం ప్రభువునందు నిద్రించాడు. మరదలు ఫోనులో ఆ మాట చెప్పి పెట్టేశాక, నాకు నాచారంలోని మా ఇంట్లో ఒక మామూలు పొద్దు గుర్తొచ్చింది.

పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. బయట ఫ్యాక్టరీ బస్సు హారన్ కొడుతోంది. తమ్ముడు మంచం అంచున కూర్చొని, నేను చదివిన కీర్తనను ఒక్కో వచనం తిరిగి చెబుతున్నాడు. నీటికాసుల జబ్బుతో, అదే గ్లకోమాతో, అప్పటికే అతనికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియవు. మధ్యలో ఆగాడు.

"పేజీ ఎక్కడ తిరుగుతది అక్కా?"

"ఇంకో రెండు వచనాలు అయినంక."

ఉప్పల్‌లో మా చర్చిలో వాక్యం చదవడం ఎప్పటి నుంచో అతని వంతు. చూపు పోయినా వదల్లేదు. గ్రంథం తెరిచి పట్టుకొని, కంఠతా చెబుతూ, సరైన చోట పేజీ తిప్పేవాడు. చూపు మందగించిందని అందరికీ తెలుసు, అసలే లేదని తెలియదు. "అయ్యో పాపం అంటరు. అది నాతోని కాదు" అనేవాడు.

మిగతా పుస్తకాలు నేనే చదివిపెట్టేదాన్ని. "ప్రేమ ముచ్చట రాంగనే రెండు పేజీలు దాటేస్తవ్ అక్కా. కథ కుంటుతది" అని నవ్వేవాడు. చూపు లేనివారికి ఫోనులో పుస్తకాలు వినిపించే డిజిటల్ లైబ్రరీ ఒకటుందని తెలిసినప్పుడు అతని ముఖం చూడాలి. అచ్చు చదవలేడని డాక్టరో టీచరో సంతకం చేయాలి, అంతే. ఎరిగిన మనిషి కదా అని, చిల్కానగర్‌లో ఉండే మా చర్చి సంఘంలోని స్కూలు టీచరమ్మ దగ్గరికి వెళ్లాం.

ఆమె కాగితం చదివి పెన్ను మూత పెట్టేసింది.

"మొన్న ఆదివారం చదివింది నువ్వే కదా? పేజీ గూడ తిప్పినవ్, నేను సూసిన. చదవలేడని ఎట్ల రాయాలె తమ్ముడూ?"

"కంఠతా చెప్పిన టీచరమ్మా. అక్క నేర్పింది."

"అయితే అది సంఘం ముందట చెప్పు. ఆడ ఒకటి, కాగితం మీద ఒకటంటే నేను సంతకం పెట్ట."

సాయంత్రం ప్రార్థన అయ్యాక మరదలు అంది: "డాక్టరు దగ్గరికి పోదాం. ఆమెతోని మనకేంది?"

"ఆమె అన్నది నిజమే" అన్నాడు. "ఈసారి గ్రంథం లేకుండ, ఉత్త చేతులతోని నిలబడ్త."

మేము సరే అన్నాం.

ఆ ఆదివారం ఆరాధన కాగానే టీచరమ్మ బెంచీ మీదనే సంతకం చేసింది. తర్వాత అతను చివరిదాకా పుస్తకాలు విన్నాడు, ప్రేమ ముచ్చట్లు ఒక్కటీ దాటకుండా. దేవునికి స్తోత్రం.

కానీ కళ్లు మూసుకుంటే నాకు కనబడేది ఆ ఆదివారం ఉదయమే. "నాకు కనబడదు. కంఠతా చెప్త" అని అందరి ముందూ అని, తమ్ముడు మొదలుపెట్టాడు. ఆ చోటు రాగానే అతని కుడిచెయ్యి మెల్లగా లేచి, గాలిలో పేజీ తిప్పింది.