సుశీలమ్మ టీచరుగారి పేకాట బల్ల

కొత్తగా కోసిన చెక్క వాసన తగిలితే చేస్తున్న పని మరిచిపోతాను. మొన్న రేపల్లెలో మా వసారాలో అదే జరిగింది. పాత బల్ల కాలు ఒకటి ఊగుతోందని వడ్రంగిని పిలిపించాను. అతను కాలు సరిచేస్తుంటే రంపపు పొట్టు రాలుతోంది, చేతిలో కాఫీ చల్లారిపోతున్నా నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. అతను బల్ల అంచు మీద వేలు పెట్టి, "ఈ గాడులేంటమ్మా? ఆరు వైపులా ఉన్నాయి. దుమ్ము చేరడానికి తప్ప ఎందుకూ పనికిరావు. లప్పం పెట్టి పూడ్చేయమంటారా?" అన్నాడు. "వద్దొద్దు" అన్నాను గబుక్కున. ఎందుకు వద్దో చెప్పాలంటే తెనాలిలో మా ఇంటి ఓనరు సుశీలమ్మ టీచరుగారి గురించి చెప్పాలి.

ఎనభైల చివర్లో దుగ్గిరాల బడిలో సైన్సు టీచరుగా చేరి, తెనాలిలో వాళ్ళింటి వెనక వాటాలో అద్దెకు దిగాను. ఆవిడా సైన్సు టీచరుగానే చేసి రిటైరయ్యారు. ఆదివారం లూథరన్ చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, పేక ముక్క చేత్తో ముట్టి ఎరగరు. ఆవిడ భర్త దేవదానంగారు రైల్వే గార్డుగా పనిచేసి వచ్చారు. ఆయనకి పేకంటే ప్రాణం. సాయంత్రమైతే హాల్లో దుప్పటి పరిచి స్నేహితులతో పదమూడు ముక్కలాట. పందెం చింతగింజలే. కానీ ఆ గింజల కోసం ఆయన వేసే కేకలు వీధి చివరికి వినిపించేవి. టీచరుగారు విసుక్కుంటూనే అందరికీ టీ పెట్టేవారు.

నేను దిగిన మరుసటి ఏడాది ఆయనకి పక్షవాతం వచ్చింది. మాటా నడకా మెల్లగా తిరిగొచ్చాయి గానీ ఎడమ చెయ్యి రాలేదు. కింద కూర్చోలేరు, అన్ని ముక్కలు ఒక్క చేత్తో పట్టుకుని ఆడలేరు. అంగలకుదురు నుంచి రోజూ వచ్చే సుబ్బారావుగారు ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. ఆయన ఒకరోజు మంచి మనసుతోనే, "నీ ముక్కలు నేను పట్టుకుంటాలేరా. ఏది వెయ్యాలో చెప్పు చాలు" అన్నారు. ఆ సాయంత్రమంతా దేవదానంగారే గెలిచారు. మర్నాడూ ఆయనే గెలిచారు. ఆ తర్వాత రోజు ముక్కలు పంచుతుండగానే, "నాకు నిద్రొస్తోందిరా" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

అక్కడితో ఆట ఆగిపోయింది. స్నేహితులు వచ్చి ఆరోగ్యం గురించి అడిగి, కాసేపు కూర్చుని వెళ్ళేవారు. మెల్లగా రావడమూ తగ్గించారు. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఏం పెట్టినా తిని, ఏం అడిగినా సరేననేవారు. "ఆయన చెయ్యి పోయిందని కాదమ్మాయ్ నా బెంగ. కోపం పోయింది. కూరలో ఉప్పు లేకపోయినా ఏమీ అనట్లేదు. నాకు భయంగా ఉంది" అన్నారు టీచరుగారు ఒక మధ్యాహ్నం.

ముందు ఆవిడ ఒక చిన్న చెక్కకి రంపంతో గాడి తీసి, అందులో ముక్కలు నిలబెట్టి ఆయనకి చూపించారు. ముక్కలు చక్కగా నిలబడ్డాయి. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది నాకొక్కడికేనా?" అని అడిగారు.

"మీకేనండి."

"అయితే తీసుకెళ్ళి ఎగ్జిబిషన్‌లో పెట్టు."

ఆవిడ నొచ్చుకుంటారనుకున్నాను. దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళారు. వంటింట్లో పీట మీద కూర్చుని ఆ చెక్కని చాలాసేపు చూశారు. బడిలో ప్రయోగం కుదరనప్పుడు కూడా ఇలాగే చూసేవారేమో. పొద్దున్నే నా తలుపు తట్టి, "అమ్మాయ్, మనం బల్ల చేద్దాం, పేకాట బల్ల" అన్నారు.

"వడ్రంగిని పిలుద్దామండి."

"అతను చేస్తే చేసినదాన్ని మనం ఒప్పుకోవాలి. మనమే చేసుకుంటే ఎన్నిసార్లయినా చెడగొట్టుకోవచ్చు."

బాగానే చెడగొట్టుకున్నాం. పెరట్లో పడున్న పాత తలుపు చెక్కలు కలిపి బిగించి, నడుమ మేకు కొట్టి, తాడు కట్టి, సుద్దముక్కతో గుండ్రంగా గీసి, ఆరు పలకల బల్లగా కోశాం. పైన మెరిసే శాటిన్ గుడ్డ పరిస్తే, వేసిన ముక్క జారి అవతలివాళ్ళ ఒళ్ళో పడింది. వెల్వెట్ పరిస్తే ముక్క పడ్డచోటే అతుక్కుంది. "ఎందుకంటావ్?" అని ఆవిడ నన్ను అడగడం, ఇద్దరం ఆ గుడ్డల మీద వేళ్ళు రాసి చూడడం! చివరికి పాత దుప్పటి మడతపెట్టి, దాని మీద ఆయన రైల్వే యూనిఫాం ప్యాంట్ల కుట్లు విప్పి, ఆ గుడ్డ లాగి మేకులు కొడితే సరిగ్గా కుదిరింది. టీ గ్లాసు కూర్చోడానికి మూలన చిల్లు పెట్టారు. గ్లాసు మూతి పెట్టి కొలత గీశారు, ఇంకేముంది, గ్లాసు సూటిగా ఆవిడ కాలి మీద పడింది. నవ్వలేక చచ్చాం. చర్చిలో ఎవరో, "పేకాట బల్ల చేస్తున్నారటగా సుశీలమ్మగారూ?" అని దీర్ఘం తీస్తే, "అవునండి. చింతగింజలు తెచ్చుకుంటే మీరూ రావచ్చు" అన్నారట.

అంచుకి గాడి తియ్యడం అన్నిటికంటే కష్టమైన పని. ఒక వైపు తీసేసరికే ఆవిడ అరచెయ్యి బొబ్బలెక్కింది. రెండో వైపు గీత గీస్తుంటే, "ఒక్కటి చాలు కదండీ?" అన్నాను.

ఆవిడ రంపం పక్కన పెట్టి చెమట తుడుచుకున్నారు. "ఒక్కచోటే ఉందనుకో, చూసినవాళ్ళందరికీ ఆయన జబ్బే కనిపిస్తుంది. ఆరు వైపులా ఉంటే ఈ బల్ల ఇంతే అనుకుంటారు. పట్టు, ఆ చివర పట్టుకో."

మొదటి ఆటకి సుబ్బారావుగారితో సహా అందరినీ ఆవిడే కబురు పెట్టి పిలిపించారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో అలవాటు ప్రకారం ముక్కలు తీసి తేల్చుకున్నారు. పంచడం కాగానే సుబ్బారావుగారు ముక్కలు చేతిలోకి తీసుకోబోయారు. "అన్నయ్యగారూ, ఈ బల్ల మీద చేత్తో పట్టుకోకూడదండి. గాడిలో పెట్టాలి, ఎవరైనా సరే" అన్నారు టీచరుగారు. "ఇదెక్కడి రూలమ్మా!" అని ఆయన గునుస్తూనే పెట్టారు. సగం ముక్కలు బోర్లాపడ్డాయి. అందరూ తడబడ్డారు. దేవదానంగారు మాత్రం కుడిచేత్తో ఒక్కొక్కటీ సర్దుకుంటూ తలెత్తలేదు.

మేమిద్దరం వంటింట్లోకి వచ్చేశాం. టీ మరుగుతోంది. హాల్లోంచి చప్పుడు లేదు. ఆవిడ వడకట్టడానికి గిన్నె ఎత్తారు, అప్పుడు వినిపించింది.

"ఏంట్రా ఇది! రాజు పక్కన తొమ్మిదేంటి? ఇది షో అంటావా? కళ్ళు పెరట్లో పెట్టొచ్చావా? తియ్యి, గింజలు తియ్యి!"

వీధి చివరికి వినిపించే ఉంటుంది. టీచరుగారు గిన్నె దించేసి నా మణికట్టు పట్టుకున్నారు. "తిడుతున్నారమ్మాయ్" అన్నారు. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నాకూ ఆగలేదు.

ఆ తర్వాత ఆయన పోయేదాకా ఆ బల్ల మీద ఆట ఆగలేదు. ఆయన పోయాక టీచరుగారు బాపట్లలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ బల్ల నాకిచ్చారు. పాఠాలు చెప్పినన్నాళ్ళూ, నా క్లాసులో ఒక పిల్లకి ఏదైనా విడిగా చెయ్యాల్సి వచ్చినప్పుడల్లా, అది అందరికీ చెయ్యగలనా అని ముందు చూసుకున్నాను. అన్నిసార్లూ కుదరలేదు. కుదిరినప్పుడు ఆవిడే గుర్తొచ్చారు.

ఇదంతా చెబితే వడ్రంగి లప్పం డబ్బా మూత పెట్టేశాడు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, "మరి ఆ పెద్దాయన ఎటువైపు కూర్చునేవారమ్మా?" అని అడిగాడు.

చూపిద్దామని చెయ్యి ఎత్తబోయి ఆగిపోయాను. ఆరు వైపులా చూశాను. ఎన్ని సాయంత్రాలు ఆ హాల్లోకి టీ పట్టుకెళ్ళానో, అయినా చెప్పలేకపోయాను.