బాగుచేసినా పనికిరాదు

పాత అమెరికా సైన్యం వాడిన ఒక్కగుండు పిస్తోళ్ల పిచ్చి నాకెలా పట్టిందని అడగకండి. పట్టింది, అంతే. ఒకసారి మందూ గుండూ కూరితే ఒక్కసారే పేలుతుంది, మళ్లీ కూరాలి. హైదరాబాదులో అలాంటివి ఎక్కడ దొరుకుతాయి? ముప్ఫయ్యేళ్లు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలన్నీ తగలేస్తే నాకు దొరికింది ఒక్కటి. జనం పుస్తకాల కోసం ఎగబడుతుంటే నేను పాత ఇనప సామాను గుట్ట ముందు గొంతుక్కూర్చుని దాన్ని బయటికి లాగాను.

నిలువెల్లా తుప్పు. దాని పక్కకు బిగించిన రేకు మీద యు.ఎస్. అన్న రెండక్షరాలు వేలితో తడిమితేగానీ తెలియలేదు. ఇంటికి తెస్తే మా ఆవిడ, "ఇదేం దిక్కుమాలిన ఇనుమండీ!" అంది.

ఘోడా విరిగిపోయింది. మీట నొక్కితే ఠపీమని పడే సుత్తిని ఇక్కడ ఘోడా, అంటే గుర్రం, అంటారు. స్ప్రింగు అసలే లేదు. నాంపల్లి స్టేషను దగ్గర సందులో తాళాలు బాగుచేసే ముసలాయనకు చూపించాను. అటూ ఇటూ తిప్పి, "జర టైం పడ్తది సాబ్. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

రెండేళ్లు పట్టింది. లారీ కమాను ముక్క అరగదీసి స్ప్రింగు చేశాడు. నేనిచ్చిన బొమ్మ చూసి ఘోడా చేశాడు. పోలిక కుదరలేదని తనే రెండుసార్లు అవతల పారేసి మూడోసారి చేశాడు. గుర్రం మీదున్న సిపాయి చేతిలోంచి జారిపోకుండా, మందు కూరే కమ్మి గొట్టానికే మడతబందుతో బిగించి ఉంటుంది. ఆ బందు కూడా చేశాడు. చివరికి ఘోడా లాగి వదిలితే టక్కుమంది. ముసలాయన బోసినోటితో నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది! కాగితం ఉండాలని నా చాదస్తం. పనిచెయ్యని, బాగుచేసినా పనికిరాని పాత తుపాకీకి లైసెన్సు అక్కర్లేదట. ఆ ముక్క తుపాకీ లైసెన్సులిచ్చే ఆఫీసరు రాసిస్తే చాలట. నాంపల్లిలో ఆ ఆఫీసుకు బయల్దేరుతుంటే మా ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. "మీకు దణ్ణం పెడతాను, అక్కడ గొప్పలకు పోకండి. పాడైపోయిందని చెప్పి రండి."

ఆఫీసరు మంచివాడే. గుడ్డ విప్పి చూసి, "గీ తుక్కు కోసం గింత దూరమొచ్చిన్రా సార్?" అంటూ రాయడానికి పెన్ను తీశాడు.

తుక్కా! ముసలాయన రెండేళ్ల చెమట తుక్కా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తుక్కేమిటండీ, బ్రహ్మాండంగా పనిచేస్తుంది!" అని ఘోడా లాగి వదిలాను. టక్కుమన్న చప్పుడు గదంతా వినిపించింది.

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "ఎంత పని జేసిన్రు సార్! గిప్పుడిది ఆయుధమాయె. కేసన్న రాయాలె, లేకుంటే గొట్టం మూసి, ఘోడాకు వెల్డింగ్ కొట్టించి తేవాలె."

బతిమాలాను. కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువ. "నా చేతుల లేదు సార్" అన్నాడు. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. ఏం లాభం?

కానిస్టేబుల్‌ను తోడిచ్చి పంపాడు. ముసలాయన సందు ముందు నుంచి తల తిప్పకుండా నడిచి, గేట్లకు వెల్డింగ్ చేసే షాపుకు వెళ్లాం. రెండేళ్ల పని ఐదు నిమిషాల్లో ముగిసింది.

తిరిగొస్తే ఆఫీసరు మళ్లీ అడిగాడు. "పనిజేస్తదా?"

"చెయ్యదు."

"బాగుజేస్తే?"

"బాగుచేసినా పనికిరాదు."

రాసిచ్చాడు. ఇప్పుడది బీరువాలో, ఆ కాగితం పక్కన పడుంది. ఆదివారాలు అబిడ్స్ వెళ్లడం మానేశాను. మా ఆవిడ ఒక్క మాట దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

మొన్న స్టేషను దగ్గర ముసలాయన కంటపడనే పడ్డాడు. దూరం నుంచే కేకేశాడు. "మన ఘోడా ఎట్లుంది సాబ్? దుంకుతున్నదా?"

"ఫస్టుక్లాసుగా దుంకుతోంది" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఎంత సులువుగా వచ్చిందో అబద్ధం! ఆ రోజు ఈ నోరు ఎక్కడ చచ్చింది?