రెండు ఫేసుల మిషన్, ఒక్క ఫేసు ఇల్లు

ఆదివారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. తాండూరులో కొన్న వెల్డింగ్ మిషన్‌ను మా వాకిట్లో దించిన సమయం అది. (అక్షరాలు నాకు నలభై దాటాకే వచ్చాయి గానీ గడియారం చూడటం ముందే వచ్చు. బోరుకు కరెంటు ఏ గంటకు వస్తుందో తెలియకపోతే చేను ఎండుతుంది మరి.) ఆ రోజుల్లో నాకు ఇరవై ఆరేళ్లు. తాండూరులో ఒక వెల్డింగ్ షాపులో రెండేళ్లు పనిచేసి ఊరికి వచ్చాను. పనిచేశానంటే, మేస్త్రీ అతుకుతుంటే ఇనుము కదలకుండా పట్టుకున్నాను. రెండేళ్లూ పట్టుకోవడమే. ఊళ్లో మాత్రం నన్ను నేనే మేస్త్రీనని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

కొట్టానికి గేటు లేక మా బర్రె వెనకింటి కాక జొన్నచేలో పడి రెండుసార్లు మేసింది. కాక వాకిట్లోకి వచ్చి ఏడు తరాలనూ తిట్టిపోయాడు. ఆ బర్రెను నా భార్య పుట్టింటి నుంచి దూడగా తోలుకొచ్చుకుంది. నాకంటే దానితోనే ఎక్కువ మాట్లాడేది. (తప్పు పట్టలేను. బర్రె గొప్పలు చెప్పదు.) గురువారం మా అమ్మ తేల్చేసింది: "మేస్త్రీవి గదరా? ఆదివారం పొద్దు మునిగేలోపు గేటు పడాలె. లేకుంటే తెల్లారి బర్రెను అమ్మనీకి మర్పల్లి అంగడికి తోలుత." నా భార్య బర్రె మెడ నిమురుతూ నా వంక చూసింది, అంతే.

ఆదివారం పొద్దున్నే తోడుగా బామ్మర్దిని వెంటేసుకుని తాండూరు పోయాను. మిషన్లమ్మే షాపులో ముసలి చాచా ఒక చిన్న మిషన్ చూపించి, "ఇంటి పనికి గిది చాలు బేటా" అన్నాడు. ఒంటి చేత్తో ఎత్తితే లేచింది. నాకు అవమానమైంది. "గిదేంది చాచా, అన్నం డబ్బా లెక్కున్నది!" అని, మూలనున్న పెద్దదాన్ని ఎత్తబోయాను. కదల్లేదు. అదీ మిషనంటే! పశువును కొనేటప్పుడు తిరిగినట్టు దాని చుట్టూ తిరిగి వీపు మీద చరిచాను. "అది రెండు ఫేసులది. మీ ఇంట్ల ఎన్ని ఫేసులున్నయి?" అన్నాడు చాచా. ఫేసంటే ఏమిటో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం అసలే తెలియదు. "రెండుండంగ ఒక్కటెవడు కొంటడు చాచా?" అన్నాను. బామ్మర్ది "బావ మాటంటే మాటే" అని తలూపాడు. చాచా ఆకాశం వైపు చూసి "ఖుదా ఖైర్ కరే" అన్నాడు. దీవించాడనుకున్నాను; దేవుడే కాపాడాలన్నాడని తర్వాత తెలిసింది.

ఇంటి దగ్గర ఫ్యూజన్న (ఊళ్లో తీగలు కలిపేది ఆయనే) మిషన్ చూసి నోరు చప్పరించాడు. "తమ్మీ, దీనికి రెండు ఫేసులు, అంటే రెండు కరెంటు తీగలు గావాలె. నీ ఇంటికొచ్చింది ఒక్కటే."

"అయితే ఇంకోటి గుంజు అన్నా."

"గదేమన్న చాయనా, ఇంకో కప్పు పొయ్యనీకి? బోరు కాడికి తీస్కపో. ఆడ మూడున్నయి."

మూడు! నాకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. నేనూ, నా భార్యా, బామ్మర్దీ, ఫ్యూజన్నా కలిసి ఇనుమూ మిషనూ బండికెత్తి కిలోమీటరు దూరంలోని పొలానికి తోలాం. పన్నెండుకు కరెంటు వచ్చింది. ఇనుమును అతకాల్సిన రాడ్డు తానే పోయి ఇనుముకు అతుక్కుంది. ఒకసారి కాదు, ఇరవైసార్లు. "బావా, మేస్త్రీలు గిట్లనే జేస్తరా?" అన్నాడు బామ్మర్ది. "కొత్త మిషన్‌రా, బెదురుతున్నది" అన్నాను. నాలుగున్నరకు గేటులాంటిది ఒకటి తయారైంది. నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను.

"గేటు మంచిగనే ఉన్నది. మరి కొట్టం ఇనుప గుంజకు ఎట్ల అతుకుతవు? గుంజ ఊర్లున్నది, మిషన్ ఈడున్నది" అన్నాడు ఫ్యూజన్న. కేబుల్ వంక చూశాను. పట్టుమని మూడు బారలు లేదు. బామ్మర్ది చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

నా భార్య లేచి ఊరివైపు వెళ్లిపోయింది. ఏడవడానికి పోయిందనుకున్నాను. అరగంటకు పలుపు పట్టుకుని బర్రెతో వచ్చింది. వెనక అమ్మ అరుస్తూ, ఆ వెనక తమాషా చూడటానికి కాక. వచ్చీరాగానే నా భార్య బోరు పక్కనున్న రేకుల షెడ్డు చూపించింది. దానికి ఇనుప గుంజలే, మిషన్‌కు రెండడుగుల దూరం. "ఇగ బర్రె ఈన్నే ఉంటది. దీనికి అతుకు" అంది నాతో. "మూడు రోజులు ఆలోచించినవు, గిది తోచలేదా?" అమ్మ పొద్దు వంక చూసింది. నేను గేటు అతికాను. అది వంకరగానే మూసుకుంది, కానీ మూసుకుంది. అమ్మ రెండుసార్లు ఊపి చూసి, "పడ్డది తీ. అంగడికి పోనక్కర్లేదు" అంది.

ఇప్పుడు భుజాన వేసుకుపోయే మిషన్లు వచ్చాయి. ఏది కొనాలని కుర్రవాళ్లు అడిగితే, ఇంట్లో ఎన్ని ఫేసులని అడుగుతాను. కొందరు ముఖం చిట్లించుకుని "పెద్దది చెప్పు తాతా" అంటారు. వాళ్లను తిట్టబుద్ధి కాదు. ఎక్కడో చూసిన ముఖంలాగే ఉంటుంది.

ఆ సాయంత్రం అక్కడున్నది మా అమ్మ, నా భార్య, చెప్పులు దొరికిన బామ్మర్ది, ఫ్యూజన్న, తన జొన్న బతికిందని నవ్వుతున్న కాక, గడ్డి నములుతున్న బర్రె, ఇంకా ఇరవై ఆరేళ్ల నేను. అందరిలోకీ తక్కువ తెలిసినవాణ్ణి, అందరికంటే గట్టిగా మాట్లాడినవాణ్ణి.