మేస్త్రి అడిగిన రెండు ముక్కలు

మా పక్కింటి రిలే మేస్త్రి మొన్న మంగళవారం పోయారు. మధ్యాహ్నం చోడి అంబలి తాగి పడుకున్న మనిషి లేవలేదు. కోటబొమ్మాళి చుట్టుపక్కల మిల్లుల్లో కరెంటు మోటార్లకు కాపలాగా ఉండే రిలేలను బాగుచేయడం ఆయన పని. మోటారు మీద భారం మితిమీరితే రిలే పడిపోతుంది, కరెంటు ఆగిపోతుంది. ఈ సంగతి నాకు ఆయనే నేర్పారు. నేనే ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఆయనతో వేగడం కష్టం. నేను అరుగు మీద కూర్చుని పేపరుకు వార్త రాసుకుంటుంటే వచ్చి, అడగకుండా నా నోటుబుక్కులోంచి కాగితం చింపేవారు. రిలేలో కరెంటు కలిసే పాయింట్ల మధ్య ఆ ముక్క పెట్టి లాగితే, వాటికి పట్టిన మసి నల్లటి గీతగా పడేది. గీత పడడం మానేదాకా కొత్త ముక్కలు కావాలి. గరుకు కాగితంతో ఒక్కసారి రుద్దితే పోదా అంటే కసిరేవారు. పాత పేపరిస్తే తోసేసేవారు.

"సిరా కాయితం వద్దు బావూ. ఉన్న మసి సాలదేటి? తెల్లముక్కియ్యి."

ఒకసారి మంత్రిగారి ప్రసంగం రాసుకున్న పేజీకి అంచు ఖాళీగా ఉందని అంచుతోపాటు సగం ప్రసంగం పట్టుకుపోయారు.

రెండేళ్ల కిందట, గోగునార అమ్మకాల రోజుల్లో, నారను బేళ్లు కట్టే ప్రెస్సు మూడు రోజులు ఆగిపోయింది. బళ్లు రోడ్డు మీద బారులు తీరాయి. వాన పడితే నార పాడవుతుందని రైతులు గోలపెట్టారు. మేస్త్రి అలసత్వం వల్లే రిలే చెడిందని యజమాని చెప్పాడు. అదే రాశాను. మేస్త్రిని అడగలేదు. ఆయన గుమ్మం నా గుమ్మానికి ఇరవై అడుగులు.

పేపరు వచ్చిన రోజు ఆయన ఆ రిలే తెచ్చి నా అన్నం కంచం పక్కన పెట్టారు.

"రిలే సెడి పడిపోనాదని రాసినావు. పడిపోడమే దాని పని బావూ! దొంగొచ్చినాడని మొరిగితే కుక్కకి కొడతావేటి?"

మోటారు బేరింగు పట్టేసిందట. రిలే పడకుండా అగ్గిపుల్ల దూర్చి నడిపించమన్నాడట యజమాని. ఈయన ఒప్పుకోక, విశాఖపట్నం నుంచి బేరింగు వచ్చేదాకా ఆపించారు.

"అగ్గిపుల్ల ఎట్టేస్తే మోటారు కాలిపోతాది. బళ్లు నెల్లాళ్లు కదలవు. అప్పుడేటి రాస్తావు?"

వెళ్లి చూశాను. అరిగిన బేరింగు ప్రెస్సు గోడవారనే ఉంది. యజమాని కాదనలేదు. కానీ అప్పటికే రెండు మిల్లులు మేస్త్రిని పిలవడం మానేశాయి.

"నా తప్పు కాదని రెండు ముక్కలెయ్యి బావూ."

వేస్తానన్నాను. రాసి పంపితే, పాతబడిన వార్త అని పేపరాఫీసులో పక్కన పెట్టారు. నేను మళ్లీ పంపలేదు. ఆయన మాత్రం వదల్లేదు. బావి దగ్గర, బస్సు దగ్గర, మా ఇంటికొచ్చిన చుట్టాల ముందు అదే మాట: "ఎప్పుడేస్తన్నావు?" చివరికి ఆయన దగ్గు వినబడితే పెరటిదారి పట్టేవాణ్ణి.

ఇప్పుడు వేస్తున్నాను. ప్రెస్సు ఆగడం మేస్త్రి తప్పు కాదు. తప్పు రాసింది నేను.

నిన్న ఆయన భార్య పనిముట్ల పెట్టెలోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది.

"ఇది నీదేనంట బావూ. పారేయనిచ్చీవోరు కాదు."

రెండేళ్ల కిందట నా వార్త పడ్డ పేపరు పేజీయే. నాలుగు వైపులా తెల్ల అంచు కత్తిరించి వాడేసుకున్నారు. సిరా ఉన్నంత మేర వదిలేశారు.