మనోడి బస్సుకు ఐదు స్టార్లు

ఆ రివ్యూ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ముందు నా మీద నాకే మండుతుంది.

పొట్టకూటికి రాష్ట్రం దాటి వచ్చి, ఈ పాండేసర బస్తీలో చీరలకు లేసులు కుట్టే ఆడవాళ్లం మేం. సొంతూరికి బస్సులోనే వెళ్తాం. వెళ్లే రోజు పొద్దున్నుంచి మంచినీళ్లు ముట్టుకోం, దారిలో బస్సు ఆపమని అడగాల్సి వస్తుందని భయం. మగవాళ్లకు రోడ్డు పక్కన ఎక్కడైనా ఒకటే. మాకు తలుపున్న గది కావాలి. అదేమన్నా గొంతెమ్మ కోరికా?

పోయినసారి నేనెక్కిన బస్సు డ్రైవర్ మా జగిత్యాల వైపు మనిషి. నేను దిగేటప్పుడు, "చెల్లె, యాప్‌ల జర మంచిగ రాయి, బస్సు సేఠ్ సూస్తడు" అని బతిమాలాడు. మనోడు కదా అని కరిగిపోయాను. ఐదు స్టార్లు ఇచ్చి, "ఆడవాళ్లు అడిగిన చోటల్లా ఆపుతారు, చాలా మర్యాదస్తులు" అని రాసి పడేశాను. నిజానికి ఆ ప్రయాణంలో నేను ఒక్కసారి కూడా ఆపమని అడగలేదు. అడగని దానికి సర్టిఫికెట్ ఇచ్చేశాను.

మా పక్క గదిలో ఉండే పెద్దమ్మకు షుగర్. నీళ్లు మానేస్తే కళ్లు తిరుగుతాయి. నేను రాసింది కోడలితో చదివించుకుని, ధైర్యంగా నీళ్లు తాగి అదే బస్సెక్కింది. నాలుగుసార్లు ఆపమని అడిగిందట. "హోటల్ కాడ ఆపుత, కూసో" అన్నాడట ఆ మహానుభావుడు, నాలుగుసార్లూ. హోటల్ వచ్చేలోపే సీట్లోనే అయిపోయింది.

తిరిగొచ్చాక మా గుమ్మంలో నిలబడి, "నువ్వు రాసినవనే ఎక్కిన బిడ్డా" అంది. తిట్టినా బాగుండేది.

డ్రైవర్‌ని ఏకిపారేద్దామని ఫోన్ తీశాను. మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మనోని పొట్ట మీద కొట్టకు. మర్యాదగ రాయి."

పెద్దమ్మ ఇజ్జత్ పోయినప్పుడు ఎవరికీ గుర్తురాని మర్యాద! అయినా నా తిట్లు చదివి ఇంకో ఆడమనిషికి ఒరిగేదేముంది? పళ్లు కొరుక్కుంటూ మర్యాదగానే రాశాను. పాత రివ్యూ తప్పని ఒప్పుకున్నాను. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎన్ని గంటలు ఆగకుండా పోతుందో, ఏ పెట్రోల్ బంకులో ఆడవాళ్ల గదికి గడియ ఉందో వివరంగా పెట్టాను. చివర "ఒక మహిళా ప్రయాణికురాలికి అసౌకర్యం కలిగింది" అని చేర్చాను.

పంపేముందు పెద్దమ్మకు చదివి వినిపించాను.

"అసౌకర్యమంటే ఏంది?"

"ఇబ్బంది, పెద్దమ్మా."

"ఇబ్బందంటే సీటు గట్టిగుందనుకుంటరు." ఆమె కోపంగా ఫోన్ వైపు వేలు చూపించింది. "నాలుగుసార్లు అడిగితే ఆపలే, చీర తడిసిందని రాయి. అడిగింది నేనే, తడిసింది నేనే. సిగ్గు వానికుండాలె, నాకెందుకు?"

ఒక్క మాట మార్చకుండా, ఆమె చెప్పినట్టే రాశాను.