తాతయ్య ఈల, సెనేటర్ వాల్డ్రన్ కమ్‌బ్యాక్

మా తాతయ్య రత్నరాజుకి కోపం తప్ప ఇంకో గుణం లేదు. అదైనా అందరి మీదా కాదు. ఎవరైనా ఒక మనిషిని చూపించి "వాడి పని అయిపోయింది" అంటే చాలు, అన్నవాళ్ళ మీద విరుచుకుపడేవాడు. చీరాల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాడు గానీ ఆయన ఈల రిటైర్ కాలేదు. మిషిగన్‌లోని ట్రాయ్‌కి, మా ఇంటికి, జేబులో పెట్టుకునే తెచ్చుకున్నాడు. "అయిపోయింది" అనే మాట వినపడితే ఫౌల్ అని ఊదేవాడు. ఒకసారి అమ్మ పాలు అయిపోయాయన్నా ఊదాడు.

అలాంటి మనిషికి రెండు వేల ఎనిమిది ప్రైమరీల్లో, అంటే పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో తేల్చే ఎన్నికల్లో, సెనేటర్ వాల్డ్రన్ దొరికాడు. పాపం ఆ సెనేటరు మొదటి పోటీ జరిగిన అయోవాలో ఐదోవాడిగా వచ్చాడు. ప్రచారం బస్సు కూడా మంచులో కూరుకుపోయింది. టీవీలో నలుగురు టైలు కట్టుకుని కూర్చుని, ఈయన కమ్‌బ్యాక్ ఇక కల్ల అని తేల్చేశారు.

"ఎవడ్రా అయిపోయాడన్నది? ఆట ఇంకా సగంలోనే ఉంది!" అని తాతయ్య టీవీ మీదికి లేచాడు.

"ఏమండీ, మీరు ఎంత అరిచినా వాళ్ళకి వినపడదు" అంది నాన్నమ్మ ప్రేమజ్యోతి.

"వినపడకపోతే సౌండ్ పెంచు!"

ఈ గొడవంతా సోఫాలో ఓ మూల ముడుచుకు కూర్చుని మా నాన్న కెన్నీ వింటూ ఉండేవాడు. కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజిన్లు డిజైన్ చేసేవాడు. నవంబర్లో థాంక్స్‌గివింగ్ పండగ ముందు లే ఆఫ్ చేశారు. చర్చిలో ఎవరికీ చెప్పొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. ఎందుకంటే మా తెలుగు చర్చిలో సగంమంది రెజ్యూమెలు కంపెనీలకి నాన్న చేతుల మీదుగా వెళ్ళినవే. "ఇప్పుడు నేనెళ్ళి వాళ్ళని అడగాలా?" అనేవాడు. ఆదివారం మాత్రం టై కట్టుకుని, ఆఫీసులో పని తెమలడం లేదని అందరికీ చెప్పేవాడు. మిగతా రోజుల్లో గడ్డం కూడా గీసుకునేవాడు కాదు.

చర్చిలో పాటలయ్యాక ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఒకరికి వీసా, ఇంకొకరికి మోకాలి నొప్పి. తాతయ్య వంతు వచ్చేసరికి హాలు దద్దరిల్లేది.

"సెనేటర్ వాల్డ్రన్ కోసం ప్రార్థించండి! నలభై నాలుగేళ్ళవాడు. ఇద్దరు చిన్నపిల్లలు. ఇంటి లోన్ ఉంది. రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. మళ్ళీ లేచి నిలబడాలి. నసగకుండా గట్టిగా చెయ్యండి!"

"అంకుల్, ఆయనకి డెబ్భై ఏళ్ళు" అంది ఉమ ఆంటీ. "పిల్లలకే పిల్లలున్నారు."

"నీకెవరు చెప్పారు?"

"టీవీలో చూశాను."

"ఆయన పని అయిపోయిందని చెప్పిన టీవీయేగా? దాన్నా నువ్వు నమ్ముతున్నావ్!"

తర్వాతి వారం ఇంకో మాట చేర్చాడు. "ఇంజిన్లు డిజైన్ చేయడంలో అంతటివాడు మిషిగన్ మొత్తంలో లేడు."

"ఎవరు, సెనేటర్ గారా?" అన్నాడు శ్యామ్‌సుందర్ అంకుల్, కళ్ళు పెద్దవి చేసి.

"చదువుకునే రోజుల్లో! ప్రార్థనకి కూర్చున్నావా, ప్రెస్ మీట్‌కి వచ్చావా?"

పాస్టర్ గారు చేసేది లేక కళ్ళు మూసుకున్నారు. చర్చంతా మోకాళ్ళూని ఇంజిన్ల సెనేటర్ కోసం ప్రార్థించింది.

తిరిగి వస్తుంటే కార్‌లో నాన్న విసుక్కున్నాడు. "నాన్నా, పరువు తీస్తున్నావ్. ఎవరో రాజకీయ నాయకుడి గురించి ప్రతి వారం ఈ గోలేంటి?"

"నోర్ముయ్. చివర్లో నువ్వు ఆమెన్ అన్నావా లేదా?"

"అన్నాను."

"అయితే చాలు. రోడ్డు చూసి నడుపు."

మిషిగన్ ప్రైమరీ వచ్చింది. ఇక్కడ కూడా ఓడితే వాల్డ్రన్ తప్పుకోక తప్పదన్నారు. నాన్న మంచం దిగనన్నాడు. తాతయ్య తలగడ పక్కన నిలబడి ఈల ఊదాడు. "నీ ఒక్క ఓటు తగ్గి ఓడిపోయాడని తెలిస్తే నీ తోలు తీస్తా! ముందా గడ్డం గీసుకో." నాన్న గీసుకున్నాడు. ఇద్దరూ మంచులో జారుతూ, తిట్టుకుంటూ వెళ్ళి నాన్న ఓటు వేసి వచ్చారు.

వాల్డ్రన్ అందరికంటే చివర వచ్చాడు. ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకుంటున్నానని చెప్పి, భార్య చెయ్యి పట్టుకుని స్టేజి దిగిపోయాడు. "ఇంక అయిపోయింది" అన్నారు టీవీలో. తాతయ్య ఈల తీసి, నాన్న వైపు చూసి, ఊదకుండానే జేబులో పెట్టేసుకున్నాడు. మా అందరికీ భయమేసింది.

ఆదివారం అందరూ తాతయ్య వైపు జాలిగా చూశారు. ఆయన మాత్రం మామూలుగానే లేచాడు.

"సెనేటర్ వాల్డ్రన్ కోసం."

"మాస్టారూ, ఆయన తప్పుకున్నారు కదా" అన్నారు పాస్టర్ గారు మెల్లగా.

"తప్పుకుంటే తప్పుకోనివ్వండి! నలభై నాలుగేళ్ళవాడు, ఇద్దరు చిన్నపిల్లలున్నవాడు, వాడు తప్పుకోలేదు! తప్పుకుంటానంటే నేను ఒప్పుకోను!" తాతయ్య ముందున్న కుర్చీని గట్టిగా చరిచాడు.

నాన్న టై వదులు చేసుకుని నెమ్మదిగా లేచాడు.

"ఆ సెనేటర్ని నేనేనండి. నా ఉద్యోగం పోయింది."

అందరికంటే ముందు తేరుకున్నది శ్యామ్‌సుందర్ అంకుల్. తేరుకుంటూనే మండిపడ్డాడు. "ఏంటి కెన్నీ ఇది! నా మొదటి ఉద్యోగం నువ్వు రిఫర్ చేసిందే కదా. ఇన్ని వారాలు ఎవరో ముసలాయన అనుకుని పైపైన ప్రార్థన చేశాను. నీ కోసమని తెలిస్తే సరిగ్గా చేసేవాణ్ణి కదా! రెజ్యూమె ఈ రాత్రికే పంపు."

"నాక్కూడా పంపు" అంది ఉమ ఆంటీ, కళ్ళు తుడుచుకుని తాతయ్యని గుర్రుగా చూస్తూ. "నలభై నాలుగని అన్నప్పుడే అనుమానపడాల్సింది."

ఇంటికి వస్తూ కార్‌లో నాన్న "థాంక్స్ నాన్నా" అన్నాడు.

"నోర్ముయ్!" తాతయ్య ఇంకా కోపంగానే ఉన్నాడు. "ఆ వాల్డ్రన్ సంగతేంటి మరి? డెబ్భై ఏళ్ళ మనిషి. ఆయన పేరు వాడుకున్నాం గానీ, ఆయన కోసం ఒక్కడూ మనసుపెట్టి ప్రార్థించలేదు! వచ్చే వారం ఆయన కోసమే లేస్తా."

"ఆయన పని అయిపోయింది కదా నాన్నా" అన్నాడు మా నాన్న, నవ్వు ఆపుకుంటూ.

కారు అద్దాలు అదిరేలా ఈల మోగింది.