చెల్లి పెళ్లినాటి కబ్ద్ పందిరి

మొన్న శుక్రవారం మా మేనకోడలు వచ్చి నా పక్కన సోఫాలో చతికిలబడి, ఫోనులో పెళ్లి మండపాల బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి చూపించడం మొదలుపెట్టింది. వచ్చే నెలలో దాని పెళ్లి. పిల్లా పిల్లాడూ ఇద్దరికీ ఉద్యోగాలు కువైట్‌లోనే కనుక పెళ్లి కూడా ఇక్కడే పెట్టుకున్నారు, మా చెల్లెలూ దాని భర్తా ఊరి నుంచి రావడానికి టికెట్లు కూడా తీసేశారు. పూల పని మాత్రం మేనమామనైన నాదే. గాజు బుడ్లలో గులాబీ రేకులు వేలాడదీసినవీ, ఎండబెట్టిన రెల్లు పూలతో ద్వారాలు కట్టినవీ, పెళ్లికూతురి జడకి ముత్యాలతో పూలు కుట్టినవీ, ఏవేవో చూపించి, నేను బాగుందన్నవన్నీ దాచుకుని, ఉన్నట్టుండి అడిగింది:

“మావయ్యా, అమ్మ పెళ్లికి మండపం నువ్వే కట్టుంటావు కదూ?”

“లేదమ్మా. అప్పుడు నేనిక్కడున్నాను.”

“పెళ్లికి రాలేదా?” అని తలెత్తి చూసింది. సొంత చెల్లెలి పెళ్లికి అన్న వెళ్లకపోవడమేమిటో దానికి అర్థం కాలేదు. మన ఈడు వాళ్లయితే, ముఖ్యంగా ఆ రోజుల్లో గల్ఫుకి వచ్చినవాళ్లయితే, ఆ ప్రశ్నే అడిగి ఉండరు.

మాది కడియం దగ్గర. పూలు కట్టే ఇల్లు. మా నాన్న చేతిలో దండ పడితే పెళ్లికొడుకు మెడకే అందం వచ్చేదని ఊళ్లో అనేవారు. అమ్మ పూలజడలు వేసేది, బాసికాలు కట్టేది, యాలకుల దండలు గుచ్చేది. అక్షరాలు రాకముందే నాకు కొబ్బరాకుతో చిలకలు అల్లడం వచ్చు. ఆ విద్య చూసే ఒక ఏజెంటు నన్ను కువైట్‌లో పెళ్లిళ్లు అలంకరించే ఒక దుకాణంలో పెట్టించాడు. దుకాణం సిటీలో ఉన్నా మా పనంతా సబ్హాన్‌లోని గోడౌన్‌లో జరిగేది. విమానంలో పెట్టెల కొద్దీ పూలు వచ్చేవి, లిల్లీలూ, ఆర్కిడ్లూ, గుప్పెడంత గులాబీలూ. అవి విప్పి, నీళ్లలో నిలబెట్టి, పెళ్లికూతురు కూర్చునే కోషా అనే వేదికకి గుచ్చడం మా పని. ఇక్కడ ఆడవాళ్ల వేడుకకి మగవాళ్లు ఉండకూడదు. అందుకని అతిథులు రాకముందే మేం వెనక తలుపులోంచి వెళ్లిపోవాలి. నేను కట్టిన వేదిక మీద పెళ్లికూతురు కూర్చోగా నేను ఏనాడూ చూడలేదు. మొదట్లో అదొక వెలితిలా ఉండేది, తర్వాత అలవాటైపోయింది.

నాతో పాటు రాజోలు వైపు మనిషి ఒకాయన పనిచేసేవాడు. చుట్టరికం ఏమీ లేదు, కానీ గోదావరి నీళ్ల వరస కలిపి బావా అని పిలిచేవాణ్ణి. ఎండలో నిచ్చెనెక్కినా, మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ కేకలేసినా ఏదో ఒక వేళాకోళం ఆడకుండా ఉండలేని మనిషి.

చెల్లెలికి సంబంధం కుదిరిందని తెలిసిన రోజున నేను చేసిన మొదటి పని, పందిరి ఎలా కట్టాలో బావకి చెప్పడం. గుమ్మానికి అరటి చెట్లు సరే, మండపం నాలుగు కాళ్లకీ కొబ్బరాకు అల్లిక, మధ్యమధ్య కొబ్బరి పూత గెలలు, పైన కనకాంబరాల జల్లి. మా ముదీర్, అంటే మాపై అధికారి, సెలవు ఇస్తానన్నాడు. ఆయన ఈజిప్టు మనిషి. చెడ్డవాడేమీ కాదు, ఇది మాత్రం రాయాలి. కానీ సరిగ్గా చెల్లెలి ముహూర్తం నాడే రుమైథియాలో ఉండే ఒక పెద్ద కుటుంబం వాళ్ల పెళ్లి పని వచ్చిపడింది. కబ్ద్‌లో వాళ్లకున్న తోటలో, గుడారాలు వేసి చేయాలన్నారు. సెలవులన్నీ రద్దు. నా పాస్‌పోర్టు కఫీల్ ఇనప్పెట్టెలో ఉంది, కఫీల్ దేశంలోనే లేడు. నేను ఎంత బతిమాలినా ముదీర్ ‘ఇన్షా అల్లా, బుక్రా’ అనేవాడు. రేపు రేపని అలా రోజులు గడిచిపోయాయి.

బకాలా అనే చిల్లర కొట్టు పక్కనున్న ఫోను డబ్బాలోంచి ఇంటికి చేసి, రాలేకపోతున్నానని చెప్పాను. నిమిషాలు కరిగిపోతుంటే నాకు అవతల మా వీధిలో సైకిలు బెల్లు కూడా వినిపిస్తోంది. ఆఖరికి నాన్న, “పోన్లేరా. పెదనాన్న కొడుకున్నాడు కదా, దాని దోసిట్లో పేలాలు వాడు పోస్తాడు” అన్నాడు. అన్న పోయవలసిన పేలాలు. నేను సరేనన్నాను.

కబ్ద్ అప్పట్లో ఇప్పటిలా విలాసంగా ఉండేది కాదు. ఇసకలో అక్కడక్కడ తోటలు, గొర్రెల దొడ్లు, ఖర్జూరం చెట్లు. పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నానికి అలంకరణ దాదాపు పూర్తయింది, గుడారం లోపలంతా తెల్ల లిల్లీలే. అప్పుడు పడమటి వైపు ఆకాశం ఇటుక రంగుకి తిరిగింది. ఇక్కడి వాళ్లు తౌజు అంటారు, దుమ్ము తుపాను. మేం తాళ్లు పట్టుకుని వేలాడాం, బల్లల మీద దుప్పట్లు కప్పాం, కానీ గోడలా వచ్చిన ఇసకని ఏ దుప్పటి ఆపుతుంది? అది వెళ్లిపోయాక చూస్తే తెల్ల పూలన్నీ గోధుమ రంగు గుడ్డ పేలికల్లా వేలాడుతున్నాయి. దులపబోతే రేకులు చేతిలోకి ఊడివచ్చాయి. మళ్లీ పూలు తెప్పించే వ్యవధి లేదు. ముదీర్ ఒక కుర్చీలో కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఖర్జూరం మట్టలు కొడదామన్నది నేనే. అది తెలివి అనుకోను, మనసంతా అదే ధ్యాసలో ఉందంతే. తోట కాపరి ఒప్పుకుని మగ చెట్ల మట్టలు కొట్టుకోనిచ్చాడు. ఖర్జూరపాకు కొబ్బరాకులా మాట వినదు, బిరుసు, మొదలు దగ్గర ముళ్లు. తొట్టిలో నానబెట్టి, చీల్చి, నేనూ బావా కూర్చుని చాపల్లా అల్లాం, చిలకలు చేశాం, విసనకర్రలు చేశాం. అది పూత కాలం కావడంతో బియ్యపు గింజలు గుచ్చినట్టుండే ఖర్జూరపు పూత గెలలు దొరికాయి, వాటిని స్తంభాలకి కట్టాం. మేకల కోసం పెంచే పచ్చగడ్డి కట్టలతో కింద వరస పేర్చాం. అల్లుతూ అల్లుతూ తెల్లవారేసరికి వెనక్కి జరిగి చూసుకుంటే, అది కోషా కాదు. నాలుగు స్తంభాల మండపం. కడియంలో మా చెల్లెలికి కట్టవలసిన మండపం.

పొద్దున్నే పెళ్లికూతురి తల్లి వచ్చింది. ఇక్కడ ఇంటి యజమానురాలిని అమ్మా అన్నట్టు మామా అంటారు, మేమూ ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్లం. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. మండపం చుట్టూ తిరిగి, ఒక చిలకని వేలితో ముట్టుకుని మాషల్లా అంది. ఇది ఎక్కడి పద్ధతి అని అడిగింది. నాకొచ్చిన ముక్కల అరబ్బీలో, మా ఊరి పద్ధతనీ, ఇవాళ మా చెల్లెలికి కూడా పెళ్లేననీ చెప్పాను. ఆవిడ ముఖం కాస్త వెలిగింది. మరి నువ్వెందుకు వెళ్లలేదు అని అడిగింది, ఎంతో ఆప్యాయంగా. నేను ముదీర్ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

“పని ఉంది, మామా” అన్నాను.

నీ చెల్లెలు చల్లగా ఉండాలని దీవించి ఆవిడ వెళ్లిపోయింది. ఆవిడకి తెలియదు, తెలిస్తే బాధపడేదేమో కూడా. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని బాధ ఎలాంటిదో ఆ ఉదయం నాకు తెలిసింది.

ఆవిడ వెళ్లిన కాసేపటికే వాళ్ల డ్రైవరు తిరిగొచ్చాడు. సాయంత్రం మళ్లీ తౌజు వస్తుందంటున్నారట, సిటీలో హాలు దొరికిందట, పెళ్లి అక్కడికి మార్చారట. ముదీర్ ఒక్కసారిగా లేచాడు. యల్లా, అంతా విప్పేయండి, లారీ వెంటనే సబ్హాన్ వెళ్లి సరుకు దించి హాలుకి రావాలి అన్నాడు.

నేను గడియారం చూసుకున్నాను. మన దేశం ఇక్కడికంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ సరిగ్గా జీలకర్రా బెల్లం పెట్టే వేళ అవుతోంది. చెల్లెలి తల మీద చెయ్యి పడే ఆ ఘడియలో నేను పెళ్లి పందిరి పీకాలా? పీటల మీద పిల్ల ఉండగా పందిరి విప్పడం ఎంత అశుభమో మన ఇళ్లలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. ముదీర్ చేతులు పట్టుకున్నాను. ఒక్క అరగంట ఆగండి, నా జీతం కోసుకోండి అన్నాను. ఆయన నా భుజం తట్టి, లారీ వైపు చూపించాడు. ఆయనకీ పైన ఒకడున్నాడు.

అప్పుడు బావ వచ్చి నా చేతిలో కత్తెర లాక్కున్నాడు.

“నువ్వటు తిరుగు. దీని మీద నీ చెయ్యి పడకూడదు. నేనిప్పుతాను.”

“నువ్వు మాత్రం పరాయివాడివా బావా?”

“ఆయ్, ఊరి వరసే కదరా, నాకేం అంటదు. తిరుగు, తిరగమంటే.”

తిరిగాను. ఎడారికి ఎదురుగా నిలబడ్డాను. వెనకాల తాళ్లు తెగే చప్పుడు, మట్టలు ఒకదాని మీద ఒకటి పడే చప్పుడు. నాన్న మేళగాళ్లకి చెయ్యి ఊపుతూ ఉంటాడు, గట్టిమేళం మోగుతూ ఉంటుంది అనుకుని, ఖాళీ చేతులే పైకెత్తి అక్షింతలు వేసినట్టు విదిలించాను. ఎదురుగా గొర్రెల మంద ఒకటి తాపీగా పోతోంది. వాటి వెనక నడిచే కాపరి నన్ను చూసి, తననే పలకరించాననుకుని చెయ్యి ఊపాడు.

పెళ్లి బాగా జరిగిందని ఆ తర్వాత ఫోనులో చెప్పారు. కానీ మరుసటి ఏడు చెల్లెలికి తొలి కాన్పు పోయిందన్న కబురు వచ్చినప్పుడు, ఫోను డబ్బాలో నిలబడి ఉన్న నాకు మట్టలు పడే చప్పుడే వినిపించింది. ఆ పందిరి విప్పడమే కారణం అవునో కాదో అడగడానికి ఎవరున్నారు? రాజోలు బావకి చెబితే మొదటిసారి వేళాకోళం ఆడకుండా ఊరుకున్నాడు. ఆ మౌనం నన్ను ఇంకా భయపెట్టింది. తర్వాత ఈ పిల్ల పుట్టాక గానీ, అది పాకి, నడిచి, బడికి వెళ్లాక గానీ నాకు ఊపిరి సరిగా ఆడలేదు. ఇదేదీ మా చెల్లెలికి ఈనాటికీ తెలియదు. చెప్పినా నవ్వుతుంది, ఏం పిచ్చి అన్నయ్యా అంటుంది. దాని కాపురం నిండుగానే సాగింది. రాజోలు బావ మాత్రం ఆరోగ్యం చెడి ఊరికి వెళ్లి, అక్కడే పోయాడు. ఆయన్ని చూడడానికీ నాకు సెలవు దొరకలేదు.

ఇప్పుడు కాలం మారింది. ఊళ్లో పెళ్లి జరుగుతుంటే ఇక్కడ గదిలో కూర్చుని ఫోనులో తలంబ్రాలతో సహా చూస్తున్నారు పిల్లలు, మేళం కూడా వినిపిస్తోంది. ఇక్కడ ఉండడానికి కావలసిన ఇఖామా కాగితం పని గడప దాటకుండా అయిపోతోంది, పాస్‌పోర్టు నా బీరువాలోనే ఉంటోంది, సెలవు అడిగితే మా కొత్త ముదీర్ ఎన్నాళ్లు కావాలి అంటున్నాడు. ఎప్పుడంటే అప్పుడు విమానం ఎక్కవచ్చు. నాన్న లేడు, అమ్మ లేదు, తోటివాళ్ల పెళ్లిళ్లన్నీ ఏనాడో అయిపోయాయి. నేను ఉండితీరవలసిన శుభకార్యం ఆ ఊళ్లో ఇక ఒక్కటీ లేదు.